35 డాలర్ల గీత

ఆ గుర్తు చూసి కంపెనీ పేరు చెప్పలేని పిల్లలు మన వీధిలో ఉండరేమో. మా ఇంట్లో వాటిని 'టిక్కు బూట్లు' అంటాం. మాస్టారు పరీక్ష పేపరు మీద పెట్టే రైటు మార్కును కాస్త పడుకోబెట్టినట్టు ఉంటుంది. నైకీ అన్న పేరు దాని పక్కన చాలాసార్లు కనిపించదు. ఆ పేరు ఎటుపోయిందని ఆరా తీస్తే, పనికి కట్టే వెల గురించిన కథ ఒకటి దొరికింది నాకు.

అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో కరోలిన్ డేవిడ్సన్ డిజైన్ చదువుకునేది. అక్కడే అకౌంటింగ్ పాఠాలు చెప్పేవాడు ఫిల్ నైట్. ఆయిల్ పెయింటింగుకు డబ్బు చాలడం లేదని ఆమె అంటుండగా విని, తన చిన్న బూట్ల కంపెనీలో గంటకు 2 డాలర్ల లెక్కన పని ఇచ్చాడు. 1971లో కొత్త బూట్లకు ఒక గుర్తు కావాలన్నాడు. అందులో కదలిక కనిపించాలి. అడిడాస్ చారల్లా ఉండకూడదు. బూటు బొమ్మ మీద పల్చటి కాగితం పరిచి ఆమె గీతలు గీసింది. వాటిలో ఒకటి ఎంపికైంది. అదీ ఫిల్ నైట్‌కు పెద్దగా నచ్చలేదు. చూడగా చూడగా నచ్చుతుందిలే అనుకున్నాడు. బిల్లు 35 డాలర్లు!

మొదట్లో ఆ గీతకు తోడు కావాల్సి వచ్చింది. 1971లో కలిపిరాతలాంటి చిన్నబడి అక్షరాల్లో కంపెనీ పేరు దాని మీదుగా ఉండేది. 1978లో ఆ పేరు లావుపాటి పెద్దబడి అక్షరాలై గీత పైకెక్కింది. 1985లో రెండూ ఒక చదరంలోకి చేరాయి. 1995కల్లా అక్షరాలు తప్పుకున్నాయి. గీత ఒక్కటే మిగిలింది.

మన దగ్గరా అంతేగా! కొత్తగా కొట్టు పెట్టినవాడు పేరు, ప్రొప్రయిటరు, దొరికే సరుకులు అన్నీ బోర్డు మీద రాయిస్తాడు. నలభై ఏళ్ల కొట్టుకు బోర్డు వెలిసిపోయినా బేరం తగ్గదు. నమ్మకం కుదిరాక రాత అక్కర్లేదు.

మరి ఆ నమ్మకం ఎవరి సంపాదన? గీసిన అమ్మాయిదా, అమ్మినవాళ్లదా, ఆ బూట్లతో పరుగెత్తినవాళ్లదా? 35 డాలర్లు అన్యాయమని చాలామంది అంటారు. నా మట్టుకు నాకు, ఆ రోజుకు అది మామూలు గీతే అనిపిస్తుంది. దానికి విలువ తెచ్చింది తర్వాతి ఏళ్లు. కానీ విలువ పెరిగాక మొదట గీసిన చేతిని తలుచుకోవడం ఉందే, అదీ పెద్దరికం. 1983లో కంపెనీ ఆమెను పిలిచి, అదే గీత ఆకారంలో వజ్రం పొదిగిన బంగారు ఉంగరం, కొన్ని షేర్లు ఇచ్చింది. బిల్లు ఏనాడో చెల్లిపోయింది. అయినా ఇచ్చారు.

మన కొట్టుకు తొలి బోర్డు రాసిన పెయింటరును, శుభలేఖకు వినాయకుణ్ని గీసిచ్చిన కుర్రాణ్ని, నాలుగు డబ్బులు కళ్లజూశాక పిలిచి పలకరించినవాళ్లం ఎంతమందిమి? గుర్తు పక్క నుంచి కంపెనీ పేరు తప్పుకున్నా నష్టం లేదు. గీసినవాళ్ల పేరు మాత్రం మనసులో ఉండాలి.