కోనాలో కరెంటు మీటరు

మీరు హవాయికి సెలవులకు వెళ్లాలనుకుంటున్నారా? అక్కడి సముద్రం గురించీ అగ్నిపర్వతం గురించీ చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. నేను ఒక కరెంటు మీటరు గురించి చెప్తాను.

2024 జూలైలో మేము నలుగురం కాలిఫోర్నియా నుంచి హవాయి వెళ్లాం. నేను, మావారు, మా అబ్బాయి, మా అమ్మ. హవాయి రాష్ట్రంలో చాలా ద్వీపాలు ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దదాని పేరు కూడా హవాయే. అందుకని అందరూ దాన్ని బిగ్ ఐలాండ్ అంటారు. మేము వెళ్లింది దానికే. అమ్మకు అప్పుడు 79 ఏళ్లు. ఫిజీలో బా పట్టణం దగ్గర, చెరకు పొలాల మధ్య పుట్టింది. 1987లో అక్కడ సైనిక తిరుగుబాట్లు జరిగాక మా కుటుంబం అమెరికా వచ్చేసింది. "పోయేలోగా ఇంకోసారి చెరకు పండే ద్వీపం చూడాలే" అని అమ్మ ఎప్పుడూ అనేది. ఫిజీకి ప్రయాణం అంటే ఆమె మోకాళ్లు ఒప్పుకోవు. హవాయి అయితే విమానంలో ఐదారు గంటలే.

హోటలు వద్దనుకున్నాం. అమ్మకు రెండు పూటలా అన్నం, చారు ఉండాలి. అందుకని వంటిల్లు ఉన్న ఇల్లు వెతికాం. కైలువా-కోనా ఊరికి పైన, కొండవాలులో ఒకటి దొరికింది. రాత్రికి 165 డాలర్లు. ఆరు రాత్రులకు 990.

అద్దె అనే మాట మీకు తెలుసు. గుడి తరగతిలో మా మాస్టారు కూడా మాకు అదే నేర్పారు. మా నాయనమ్మ మాత్రం బాడుగ అనేది. తెలంగాణవాళ్లు కిరాయి అంటారని నాకు అమెరికా వచ్చాకే తెలిసింది. ఏ మాట వాడినా మన లెక్క ఒకటే: ఇంత డబ్బు ఇస్తే ఇంట్లో ఉండనిస్తారు. ఇంట్లో దీపం వేసుకుంటే దానికి వేరే డబ్బు అని మనకు తోచదు.

990 మీద శుభ్రం చేసే రుసుము 150 పడింది. దాని మీద పన్నులు. అప్పట్లో రాష్ట్రం వసతి పన్ను 10.25 శాతం, కౌంటీది 3 శాతం, అందరూ కట్టే సాధారణ పన్ను ఇంకో 4.5 శాతం. (2026 జనవరి నుంచి రాష్ట్రం వాటా 11 శాతం అయింది. మీరు లెక్క వేసుకునేటప్పుడు అది వేసుకోండి.) మొత్తం 1,340 డాలర్ల పైన అయింది. విరిగినవాటికి, పగిలినవాటికి అని 200 డాలర్లు ముందుగా పట్టుకున్నారు. ఇవన్నీ డబ్బు కట్టేటప్పుడే కనిపించాయి. సరే అనుకున్నాం.

తిరిగి ఇంటికి వచ్చిన వారానికి ఆ 200 వెనక్కి వచ్చింది. కానీ 200 రాలేదు, 125 డాలర్ల 30 సెంట్లే వచ్చింది. పక్కన రెండే మాటలు ఉన్నాయి: అదనపు కరెంటు.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. 74 డాలర్లు పెద్ద మొత్తం కాదు. కానీ ఇంట్లోకి రానిచ్చి, ఉండనిచ్చి, వెళ్లిపోయాక వెనక నుంచి జేబులో చెయ్యి పెట్టినట్టు అనిపించింది. కూర్చుని ఇంటి యజమానికి పెద్ద ఉత్తరం రాశాను. ముప్పై ఏళ్లుగా బడిలో పాఠాలు చెప్తున్నదాన్ని, ఉత్తరం బాగానే వచ్చింది.

ఆయన మర్యాదగా జవాబు పంపాడు. అందులో రెండు ఫొటోలు, ఒక కాగితం ఉన్నాయి. మేము వచ్చిన రోజు మీటరు అంకె, వెళ్లిన రోజు మీటరు అంకె. తేడా 238 యూనిట్లు. కాగితం మేము ఒప్పుకున్న అద్దె ఒప్పందంలో మూడో పేజీ. "రోజుకు 12 యూనిట్ల కరెంటు అద్దెలో కలిసి ఉంది. అంతకు మించి వాడితే యూనిట్‌కు 45 సెంట్లు" అని ఉంది. ఆరు రోజులకు 72 యూనిట్లు. మిగిలినవి 166. 166ని 45 సెంట్లతో హెచ్చిస్తే సరిగ్గా 74 డాలర్ల 70 సెంట్లు. కింద నా సంతకం.

పరీక్షలో ప్రశ్నను రెండుసార్లు చదవండి అని నేను రోజూ పిల్లలకు చెప్తాను. ఆ మూడో పేజీని నేను ఒక్కసారి కూడా చదవలేదు.

238 యూనిట్లు ఎలా అయ్యాయో కూడా చెప్పాలి. ఆ ఇంటి కిటికీలకు అడ్డంగా గాజు పలకలు ఉన్నాయి. పిడి తిప్పితే తెరుచుకుంటాయి, తిప్పితే మూసుకుంటాయి. సముద్రపు గాలి ఇంట్లోకి రావడానికి హవాయిలో పాత ఇళ్లకు అలాంటివి పెట్టేవారు. మూసినా సందులు ఉంటాయి. మేము మూడు గదుల్లో ఏసీ వేశాం. బీచ్‌కి వెళ్లినప్పుడు కూడా ఆపలేదు. చల్లగాలి అంతా ఆ సందుల్లోంచి కొండ కిందికి పోయింది. మొదటి రోజే అమ్మ, "ఏసీ ఎందుకే, గాలి వస్తోంది కదా" అంది. మా అబ్బాయి, "అమ్మమ్మా, ఇది సెలవు" అన్నాడు.

యూనిట్‌కు 45 సెంట్లు ఎక్కువ వేశాడా అని వెతికాను. వేయలేదు. 2023లో అమెరికా ఇళ్లలో యూనిట్ సగటు ధర 16 సెంట్లు. హవాయిలో 40 సెంట్ల పైన. దేశం మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ అక్కడే. దీనికి కారణం మన ద్వీపాలవాళ్లకు తేలికగానే అర్థమవుతుంది. ఇక్కడ కాలిఫోర్నియాలో కరెంటు చాలకపోతే పక్క రాష్ట్రం నుంచి తీగల మీద వస్తుంది. హవాయిలో ఒక ద్వీపానికీ ఇంకో ద్వీపానికీ మధ్య సముద్రం కింద కరెంటు తీగ లేదు. ఏ ద్వీపం కరెంటు ఆ ద్వీపమే చేసుకోవాలి. ఎన్నో ఏళ్లుగా అందులో ఎక్కువ భాగం ఓడల మీద వచ్చే చమురును కాల్చే చేస్తున్నారు. బిగ్ ఐలాండ్‌లో భూమి లోపలి వేడితో కరెంటు చేసే కేంద్రం ఒకటి ఉంది. 2018 మేలో కిలవేయా అగ్నిపర్వతం నుంచి లావా పొంగి పూనా ప్రాంతంలో 700కు పైగా ఇళ్లను మింగేసినప్పుడు ఆ కేంద్రం ఆగిపోయింది. 2020 నవంబరు దాకా దాని నుంచి మళ్లీ కరెంటు రాలేదు. ఆ రెండున్నరేళ్లూ ఆ లోటుకు ఎక్కువగా చమురే దిక్కయింది. 2045 కల్లా కరెంటు మొత్తం ఎండ, గాలి, నీరు, భూమి వేడి లాంటి వాటి నుంచే రావాలని 2015లో రాష్ట్రం చట్టం చేసింది. అప్పటిదాకా ఏసీ వేసుకునేవాడు డబ్బు కట్టాల్సిందే. కౌవాయి ద్వీపంలో కరెంటు కంపెనీని 2002లో వాడుకదారులే సహకార సంఘం పెట్టి కొనుక్కున్నారు. ఈమధ్య అక్కడ సగానికి పైగా కరెంటు చమురు లేకుండానే వస్తోంది.

కాబట్టి ఆ యజమాని మీద నా కోపం సగం తగ్గింది. మిగిలిన సగం తగ్గలేదు. వాడినదానికి డబ్బు తీసుకోవడం తప్పు కాదు. కానీ ఇల్లు చూపించే చోట 165 అని పెద్ద అక్షరాలు, కరెంటు మాట మాత్రం మూడో పేజీలో చీమ తలకాయంత అక్షరాలు! మీటరు ఇంటి వెనక, చెట్ల పొద వెనక ఉంది. ఆరు రోజుల్లో నేను దాన్ని చూడనే లేదు.

కోనా తర్వాత మేము రెండు రాత్రులు ద్వీపానికి అటువైపు, పూనాలో ఉన్నాం. దారిలో హొనొకా అనే చిన్న ఊళ్లో ఆగాం. హామాకువా తీరం అంతా ఒకప్పుడు చెరకే. అక్కడి పెద్ద చెరకు కంపెనీ 1994లో మూతపడింది. ఈ ద్వీపంలో ఆఖరి మిల్లు 1996లో ఆగింది. ఇప్పుడు ఆ నేలలో చాలాచోట్ల యూకలిప్టస్ చెట్లు. అమ్మ కారు కిటికీలోంచి చూస్తూ, "చెరకు ఏదే?" అని రెండుసార్లు అడిగింది.

హొనొకాలో కాట్సు గోటో అనే ఆయన స్మారకం ఉంది. ఆయన 1885లో జపాన్ నుంచి వచ్చిన మొదటి ఒప్పంద కూలీలలో ఒకడు. వాళ్ల ఒప్పందం మూడేళ్లు. మగవాళ్లకు నెలకు 9 డాలర్ల జీతం, తిండికి 6 డాలర్లు. ఉండే చోటు, వంటచెరకు, వైద్యం ఉచితం అని రాసి ఉంది. (చూశారా, అప్పుడు కూడా పొయ్యి ఖర్చు ఎవరిది అన్నది కాగితంలో రాయాల్సి వచ్చింది.) గోటో ఒప్పందం పూర్తి చేసుకుని హొనొకాలో కొట్టు పెట్టాడు. ఆయనకు ఇంగ్లీషు వచ్చు. కూలీలకు దొరలతో మాట్లాడిపెట్టేవాడు, వాళ్ల ఇబ్బందులు విని దారి చెప్పేవాడు. 1889 అక్టోబరులో ఒక రాత్రి ఆయన్ను చంపి టెలిఫోను స్తంభానికి వేలాడదీశారు. నలుగురికి శిక్ష పడింది.

ఆ రోజు నేను ఫొటో తీసుకుని కారెక్కాను, అంతే. ఇంటికి వచ్చి, నా సంతకం ఉన్న ఆ మూడో పేజీ చూసినప్పుడు గోటో మళ్లీ గుర్తొచ్చాడు.

గిర్మిట్ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసు. అగ్రిమెంట్ అనే మాట మనవాళ్ల నోట్లో గిర్మిట్ అయింది. ఒప్పందం అని తెలుగు. 1879 నుంచి 1916 దాకా 60 వేలమందికి పైగా ఆ కాగితం మీద ఫిజీ వెళ్లారు. 1903 నుంచి మద్రాసు ఓడలూ మొదలయ్యాయి. మా ముత్తాత వైజాగపట్నం జిల్లా నుంచి అలాగే వెళ్లాడు. ఆ ఒప్పందం ఐదేళ్లు. మగవాళ్లకు రోజుకు ఒక షిల్లింగు, ఆడవాళ్లకు తొమ్మిది పెన్నీలు. ఇల్లు ఉచితం అని అందులో స్పష్టంగా ఉంది. ఆ ఇల్లు అంటే కూలీ లైన్లలో 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు ఉన్న ఒక గది. అందులో పెళ్లికాని మగవాళ్లు ముగ్గురు, లేదా ఒక కుటుంబం. మొదటి ఆరు నెలలు తిండి దినుసులు యజమానే ఇస్తాడు, దానికి రోజుకు నాలుగు పెన్నీలు పట్టుకుంటాడు అని కూడా అందులోనే ఉంది. షిల్లింగుకు పన్నెండు పెన్నీలు. అంటే జీతంలో మూడో వంతు. ఇచ్చిన పని ఆ రోజు పూర్తి కాకపోతే ఆ షిల్లింగు కూడా చేతికి రాదు.

ఆ నాలుగు పెన్నీల సంగతి ముత్తాతకు ఫిజీలో దిగాకే తెలిసిందట. అమ్మ చిన్నప్పుడు ఆయన నోటితోనే విన్నది. ఆయనకు చదువు రాదు. వేలిముద్ర వేశాడు. ఎవరో కాగితం గబగబా చదివి, "షిల్లింగు, ఇల్లు ఉచితం" అని మాత్రం తెలుగులో చెప్పారట. ఆయన విన్నది ఆ రెండు మాటలే. నేను చూసింది 165 అనే అంకె ఒక్కటే. ఆయనకూ నాకూ పోలిక పెట్టడం తప్పని నాకు తెలుసు. ఆయన చెరకు నరికాడు, నేను బీచ్‌లో కూర్చున్నాను. కానీ నాకు చదువు వచ్చు. అదే నన్ను బాధించింది.

పూనా ఇల్లు వేరు. ఆ ప్రాంతంలో చాలా ఇళ్లకు నీటి గొట్టాలు లేవు. కప్పు మీద పడ్డ వాన నీరు పెద్ద ట్యాంకులోకి వెళ్తుంది, అదే వాడుకుంటారు. తాగే నీళ్లు కౌంటీ పెట్టిన కుళాయిల దగ్గర పట్టుకొస్తారు. ఆ ఇంటి యజమానురాలు తలుపు పక్కన చేత్తో రాసిన కాగితం అంటించింది: నీళ్లు ఇవే ఉన్నాయి, స్నానం త్వరగా కానివ్వండి, ట్యాంకు అయిపోతే లారీ పిలవాలి, దాని ఖర్చు ఇంత, అది మీదే. అమ్మ బయటికి వెళ్లి ట్యాంకు మీద చేత్తో కొట్టి చూసింది. కింద బరువుగా మోగింది, పైన డొల్లగా. "సగం పైన ఉంది" అని లోపలికి వచ్చి, బకెట్టు, చెంబు అడిగింది. మా బా ఇంట్లో కూడా అలాంటి ట్యాంకే ఉండేది. ఆ రెండు రోజులూ మేమంతా చెంబుతోనే పోసుకున్నాం. ఎవరికీ కోపం రాలేదు.

2025 మే 12 నుంచి అమెరికా అంతటా ఒక కొత్త నియమం వచ్చింది. సెలవుల ఇళ్లకు, హోటళ్లకు తప్పనిసరిగా కట్టాల్సిన రుసుములన్నీ కలిపిన మొత్తం ధరను మొదటే చూపించాలి. కాలిఫోర్నియాలో అలాంటి చట్టం 2024 జూలైలోనే వచ్చింది. మంచిదే. అయితే ప్రభుత్వ పన్నులను ఆ మొత్తంలో కలపకపోయినా తప్పు లేదు. మీ ఇష్టం మీద తీసుకునేవి కూడా విడిగా ఉండవచ్చు. కాబట్టి డబ్బు కట్టే ముందు అడగండి. కరెంటు అద్దెలో కలిసి ఉందా, ఎన్ని యూనిట్ల దాకా? ఏసీకి వేరే డబ్బా? మీటరు ఎక్కడ ఉంది? దిగిన రోజు మీటరును మీరే ఫొటో తీసుకోండి. తెలుగులో అడగక్కరలేదు లెండి, కానీ ఈ ప్రశ్నలు తెలుగులో ఒకసారి రాసి చూడండి, తరగతికి మంచి అభ్యాసం.

ఈ ఏడాది మళ్లీ వెళ్తున్నాం, ఈసారి కౌవాయి. ఒప్పందం వచ్చిన రోజు అమ్మ అడిగింది, "చదివావా?" అని. చదివానన్నాను. "అయితే నాకూ చదువు" అంది. నాలుగు పేజీలు. ఇంగ్లీషులో చూస్తూ తెలుగులో చెప్పాను, ఒక్కో వాక్యం. మాట దొరకని చోట ఆగితే, అమ్మ తన మాట ఏదో అందించింది. ముప్పావు గంట పట్టింది. కరెంటు గురించి రెండో పేజీలో ఉంది, అద్దెలో కలిసే ఉంది, ఏసీ లేదు. మూడో పేజీలో కుక్కలను తేకూడదన్న చోట అమ్మ నన్ను ఆపింది.

"మనకు కుక్కలు ఎక్కడున్నాయే? సరే, కానీయ్. తర్వాత?"