జీను గది తాళం

నాకో గుర్రం ఉందని చెబితే హన్మకొండలో మా చుట్టాలు ముందు నవ్వుతారు, తర్వాత నా జీతం ఎంతో అడుగుతారు. వాళ్ల తప్పేం లేదు. మనవైపు గుర్రం కనపడేది పెళ్లి ఊరేగింపులోనో, మలక్‌పేట రేసుకోర్సులోనో, పోలీసు పరేడ్‌లోనో. ఇక్కడ షెఫీల్డ్ చుట్టుపక్కల గుర్రాలున్న వాళ్లలో నాకు తెలిసినవాళ్లు ఒక ప్లంబరు, ఇద్దరు నర్సులు, బడిలో వంట చేసే ఆవిడ. నేను ఆసుపత్రిలో రేడియోగ్రాఫర్ని. రాత్రీ పగలూ తేడా లేకుండా ఎక్స్‌రేలు తీయడం నా పని.

మావాడి పేరు బిల్లీ. కాబ్ రకం. పొట్టిగా, బలంగా, డెక్కల చుట్టూ బొచ్చుతో ఉంటాడు. ఒకప్పుడు బూడిదరంగు, వయసుతోపాటు దాదాపు తెల్లబడ్డాడు. ఆ పేరు నేను పెట్టింది కాదు. గుర్రం పేరు మారిస్తే అచ్చిరాదని ఇక్కడి వాళ్ల నమ్మకం. ఇలాంటివి నమ్మడంలో మనం ఎవరికి తీసిపోయాం? అలాగే ఉంచేశాను.

ఒక రైతు దగ్గర కొట్టమూ, కాస్త పచ్చికా అద్దెకి తీసుకున్నాను. డీఐవై లివరీ అంటారు దీన్ని. అంటే చోటు వాళ్లది, చాకిరీ మనది. పేడ ఎత్తడం, నీళ్లు, గడ్డి, దాణా, చలికాలం దుప్పటి కప్పడం, అన్నీ మనమే. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు కదా, నైట్ డ్యూటీలో ఉన్నా తప్పదు, మంచు కురుస్తున్నా తప్పదు. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికల్లా చీకటి పడిపోయే ఊళ్లో ఒక్క మనిషి ఇదంతా ఈడ్చడం కష్టం. అందుకే షేరర్. వారంలో రెండు మూడు రోజులు మన గుర్రం పనులు చూసుకుని, సవారీ చేసుకుని, ఖర్చులో కొంత భరించే మనిషి. గుర్రం మాత్రం మనదే. యానిమల్ వెల్ఫేర్ యాక్ట్ 2006 ప్రకారం జంతువు ఆ పూట ఎవరి చేతిలో ఉన్నా సరే, యజమాని బాధ్యత పోదు.

గుర్రాన్ని ఇవ్వడానికి నేనెప్పుడూ పెద్దగా ఆలోచించలేదు. జీను గది తాళం ఇవ్వడానికే చేతులు రావు. ఈ మాటంటే మావాళ్లు నవ్వుతారు, “ప్రాణమున్న దాన్ని అప్పగించి తోలు సామాను దగ్గర ఆగుతావేంటే?” అని. కానీ బిల్లీ తన సంగతి తాను చూసుకోగలడు. నచ్చకపోతే చెవులు వెనక్కి పెడతాడు, కరుస్తాడు, కదలనని మొండికేస్తాడు. జీను ఏమీ అనదు. దానికి జరిగింది దాని లోపలే ఉండిపోతుంది, ఆ తర్వాత నెమ్మదిగా గుర్రం వీపులోకి దిగుతుంది.

నా జీను వాల్సాల్‌లో తయారైంది. ఇంగ్లండ్‌లో జీన్ల ఊరు అది. అక్కడి ఫుట్‌బాల్ జట్టుని కూడా ‘సాడ్లర్స్’ అనే పిలుస్తారు, అంటే జీన్లు కుట్టేవాళ్లు. పాతదే కొన్నాను, అయినా నా నెల అద్దె కంటే ఎక్కువైంది. పైన కనపడే తోలు కింద ‘ట్రీ’ అనే చట్రం ఒకటి ఉంటుంది. మనిషి బరువుని వెన్నెముక మీద పడనీకుండా రెండు పక్కలకీ పంచేది అదే. దాని కింద మెత్తల్లో ఉన్ని కూరుతారు. బిల్లీ వీపు వసంతంలో కొత్త గడ్డికి ఒకలా ఉంటుంది, ఫిబ్రవరిలో ఇంకోలా ఉంటుంది. జీను సరిచేసే ఆవిడ ఏడాదికి రెండుసార్లు వచ్చి ఉన్ని తీసో, పెట్టో వెళ్తుంది. అంటే అది గుర్రాల జీను కాదు, బిల్లీ జీను. ఒకరి చెప్పులు ఇంకొకరు తొడుక్కుంటే సాగిపోయినట్టే ఇదీను. (కళ్లెం కథ వేరు. నేను ఈ దేశంలో కొన్న మొదటి కళ్లెం ఇంటికొచ్చాక తిప్పి చూస్తే మేడిన్ ఇండియా. కాన్పూర్ జీన్లకీ కళ్లేలకీ జీఐ గుర్తింపే ఉంది. ఇంత దూరమొచ్చి మనవాళ్లు కుట్టిందే పట్టుకున్నానన్నమాట.)

మొదటి షేరర్ మంచిపిల్లే. చురుకైనది, బిల్లీ అంటే ప్రేమ కూడా. నాలుగో నెలలో ఒకరోజు జీను తుడుస్తూ కింది మెత్తలు చూస్తే తోలు కుట్లలో పొట్టి గోధుమరంగు వెంట్రుకలు. తెల్ల గుర్రం జీను కింద గోధుమరంగు వెంట్రుకలెందుకుంటాయి? అదే యార్డులో ఆమె స్నేహితురాలికో గోధుమరంగు గుర్రం ఉంది. అడిగితే దాచలేదు. “రెండుమూడు సార్లేగా, దాని జీను రిపేరుకిచ్చారు,” అంది. తను చేసిన దాంట్లో ఆ అమ్మాయికి నిజంగానే ఏ తప్పూ కనపడలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

రెండు వారాలకి బిల్లీ పొట్ట కింద, జీను పట్టీ బిగించేచోట, గుండ్రంగా వెంట్రుకలు రాలాయి. తామర అంది డాక్టరు. గుర్రాలకి పట్టీల నుంచీ బ్రష్‌ల నుంచీ దుప్పట్ల నుంచీ అంటుకుంటుంది. నా మణికట్టు మీదా ఒక మచ్చ లేచింది. ఆ గోధుమరంగు గుర్రం నుంచే వచ్చిందని నేను నిరూపించలేను. కంచె కర్ర నుంచి కూడా వచ్చి ఉండొచ్చు. కానీ ఉన్న ప్రతి పట్టీనీ మందు నీళ్లలో ముంచుతూ, వారాల తరబడి ఎక్కకుండా బిల్లీని చేత్తో నడిపిస్తూ ఆలోచించుకున్నాను. జీను దొంగలు ఎత్తుకుపోయి ఉంటే ఇంత తలనొప్పి ఉండేది కాదు. దొంగతనానికి ఇన్సూరెన్స్ ఉంది, దాని తోలు మీద నా పిన్‌కోడ్ గుర్తు వేసి ఉంది. “రెండుమూడు సార్లేగా” అనే మాటకి ఇన్సూరెన్స్ లేదు.

అప్పుడు నాన్న స్కూటరు గుర్తొచ్చింది. బజాజ్ చేతక్. బుక్ చేసి ఏళ్లపాటు ఎదురుచూసి తెచ్చుకున్న బండి. రాణా ప్రతాప్ గుర్రం పేరు దానికి పెట్టారని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరింటికి చుట్టాలొచ్చినా ఆ బండి కావాల్సిందే. నాన్న ఎవరికీ లేదనేవాడు కాదు. తిరిగొచ్చాక మాత్రం మాట్లాడకుండా దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసేవాడు. పెట్రోలు గురించి అడిగేవాడు కాదు. అద్దం జరిపి ఉంటే మాత్రం మనసు చివుక్కుమనేది. “ఎంత తిప్పినా నా రోడ్డు కనపడ్తలేదు,” అనేవాడు రెండ్రోజులు. ఇచ్చింది తిరిగొచ్చేసింది కదా, ఇంకా ఏం గోల అని అమ్మ విసుక్కునేది. నేనప్పుడు అమ్మ పక్షం.

రెండో షేరర్‌కి యాభై దాటాయి. చాలా ఏళ్లు పోస్ట్‌వుమన్‌గా చేసి మానేసింది. చూడ్డానికి వచ్చిన రోజు బిల్లీని ఒకసారి నిమిరి, “ముందు సామాను చూడొచ్చా?” అంది. జీనుని తిరగేసి ఒళ్లో పెట్టుకుంది. పక్క తోలు ఎత్తి, పట్టీ బిగించే బెల్టుల కుట్లు గోటితో లాగి చూసింది. పగ్గాలు నోటి కడ్డీ దగ్గర మడిచి పగుళ్లున్నాయేమోనని వెలుతుర్లో పెట్టి చూసింది. ఎప్పుడు చెక్ చేయించావు, ఎవరు చేశారు? పెళ్లిచూపుల్లో అమ్మాయిని నడిపించి, పాడించి చూసే పెద్దావిడలా అనిపించి నాకు చిర్రెత్తింది. నా సామాను నేను చూసుకోనా? కుట్లన్నీ బాగానే ఉన్నాయి, తేదీతో సహా చెప్పాను. ఆవిడ తలూపి మామూలుగా అంది: “రోడ్డు మీద లారీ పక్కనించి పోతున్నప్పుడు నేను కూర్చుని ఉండేది ఈ కుట్ల మీదేగా.”

అప్పటిదాకా నమ్మకం అనేదాన్ని నేనొక్కదాన్నే ఇస్తున్నాననుకున్నాను. నాది పోతే తోలు పోతుంది, గుర్రం వీపు నొస్తుంది. ఆవిడది పోతే మెడ విరుగుతుంది.

కాగితం రాసుకున్నాం. బ్రిటిష్ హార్స్ సొసైటీ వాళ్ల నమూనా పెట్టుకుని, మాకు కావాల్సినవి చేర్చాం. జీను బిల్లీకి తప్ప ఇంకే గుర్రానికీ వేయకూడదు. హెల్మెట్ ఎవరిది వాళ్లదే. వాడకంలో అరిగింది నా ఖర్చు, చెడగొడితే ఆవిడ ఖర్చు. ఏం జరిగినా అదే రోజు చెప్పాలి. అంతా రాసి సంతకాలు పెట్టుకున్నాక కూడా జీను గది తాళం ఇవ్వలేదు. కళ్లెం, బ్రష్‌లు, దుప్పటి బయట పెట్టెలో ఉంచాను. జీను మాత్రం నేనున్న రోజునే. ఆరు వారాలు అలాగే నడిచింది. “పోస్టాఫీసులో కూడా మొదట సైకిలే ఇచ్చారు, వ్యాను తర్వాత,” అంది, అంతే.

నవంబర్‌లో నా డ్యూటీలు మారాయి. ఒక వారం జీను బయటే, కొట్టం పక్క గోడ స్టాండు మీద వదిలి వెళ్లాల్సి వచ్చింది. మంగళవారం రాత్రి ఎనిమిదికి, నేను డ్యూటీలో ఉండగా మెసేజ్. జీను కాంక్రీటు మీద పడింది. బిల్లీ పక్కకి జరిగేసరికి దాని దుప్పటి పట్టీ తగులుకుని లాగేసింది. బయటికేమీ తెలియట్లేదు. ఎక్కలేదు. వాడొద్దని చీటీ కట్టి పక్కన పెట్టాను.

బయటికేమీ తెలియట్లేదు. అప్పుడే నా ముందు బల్ల మీద ఒక కుర్రాడి మణికట్టు ఉంది. వాపు కూడా సరిగా లేదు, వేళ్లన్నీ కదులుతున్నాయి, ఎక్స్‌రేలో సన్నటి గీత. కింద పడ్డ జీను కూడా అంతే. చట్రం లోపల చిట్లినా తోలు నున్నగానే ఉంటుంది. ఎక్కితే బరువంతా ఒకచోట దిగి వీపుని నలిపేస్తుంది. అలా నలిగినచోట కొన్నాళ్లకి తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి, జనం దాన్ని చూసి కనిపెడతారు. మాది తెల్ల గుర్రం. అక్కడ ఎవరూ లేరు. ఆవిడ జీను ఎత్తి, దుమ్ము దులిపి, స్టాండు మీద పెట్టేసి ఉంటే నాకు ఈ జన్మలో తెలిసేది కాదు.

శనివారం జీను సరిచేసే ఆవిడ వచ్చి, ముందూ వెనకా పట్టుకుని మోకాలికి ఆనించి వంచి చూసింది, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. చట్రం బాగానే ఉంది. తోలు మీద చిన్న గీరుడు, అంతే. వచ్చి చూసినందుకు ఆవిడ తీసుకున్న డబ్బు మా పోస్ట్‌వుమన్ కట్టింది, కాగితంలో అలాగే ఉంది కాబట్టి. నేనూ వద్దనలేదు. వద్దని ఉంటే ఆవిడకి నచ్చేది కాదనుకుంటా.

ఆ సాయంత్రం జీను గదికి రెండో తాళంచెవి చేయించి ఇచ్చాను. ఇక్కడి పోస్ట్‌మేన్లు ఉత్తరాల కట్టలకి చుట్టే ఎర్ర రబ్బరు బ్యాండు ఒకటి జేబులోంచి తీసి దానికి చుట్టుకుంది. ఇప్పుడు మూడో శీతాకాలం. ఎడమవైపునించే ఎక్కుతాం కాబట్టి ఆ పక్క రికాబు తోలు సాగిపోతుంది, అందుకని నెలకోసారి అటుదిటు, ఇటుదటు మారుస్తుంది. నేను మర్చిపోయినా ఆవిడ మర్చిపోదు. కాకపోతే మనిషి నాకంటే బాగా పొడుగు. రికాబులు రెండు రంధ్రాలు కిందికి దించుకుని, దిగాక అలాగే వదిలేసి పోతుంది. కాగితంలో దాని ఊసు లేదు. నేను వెళ్లిన ప్రతిసారీ చలికి మొద్దుబారిన వేళ్లతో మళ్లీ పైకి జరుపుకుంటాను.

మొన్న నాన్నకి ఫోన్‌లో ఇదంతా చెప్పాను, ఆ రబ్బరు బ్యాండుతో సహా. ఓపిగ్గా విన్నాడు. రికాబుల సంగతి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆపి, “మరి చెప్పకపోయినవా?” అన్నాడు.

“నువ్వెప్పుడన్నా చెప్పినవా నాన్నా, అద్దం గురించి?”

“ఎట్ల చెప్తం,” అన్నాడు.