పలకని పెట్టె

కంప్యూటరును విప్పడం వచ్చిన ప్రతివాడికీ తిరిగి బిగించడమూ వచ్చుననే భ్రమ ఒకటి ఉంటుంది. నాకు ఆ భ్రమ చాలా ఏళ్లపాటు నిక్షేపంగా ఉండేది. 2023 వేసవిలో, బందరులో మా ఇంటి వసారాలో చాప పరచుకుని కూర్చున్న నాడు అది వదిలింది.

విప్పింది నా యంత్రమైనా బాగుండేది. అది మా నాన్నగారిది. 2004లో కొన్నారు. పెంటియం 4 ప్రాసెసరు, 256 ఎంబీ ర్యాము, 40 జీబీ హార్డ్‌డిస్కు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసి 2009లో పదవీ విరమణ చేశాక, దాని ముందు కూర్చుని ఆయన ఒకే ఒక పుస్తకం రాశారు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు ఆయన నాగాయలంక దగ్గరి ఒక పల్లెలో కొత్తగా చేరిన మాస్టారు. వయసు ఇరవయ్యారు. ప్రభుత్వం లెక్కల్లోనే పదివేల మందికి పైగా పోయారు. ఆ లెక్కలో తన తరగతి పిల్లలు ఎవరెవరున్నారో పేరూ, ఇంటిపేరూ, కూర్చునే వరుసతో సహా ఆయన రాసిపెట్టుకున్నారు. మాకు మాత్రం ఆ సంగతులు ఎన్నడూ నోటితో చెప్పలేదు. నవంబరు నెలలో ముసురు పట్టిందంటే అన్నం దగ్గర మాట్లాడేవారు కారు, అంతే. 2014లో ఆయన పోయారు. "అచ్చు వేయించరా" అని అమ్మ అప్పటినుంచీ అంటూనే ఉంది. నేను సరేనంటూనే ఉన్నాను.

అడ్డంకి ఒకటి ఉంది. యూనికోడుకు ముందు తెలుగును కంప్యూటరులో కొట్టినవారికి అది తెలిసినదే. ఏ సంస్థకు తోచిన చోట ఆ సంస్థ 'అ'ను కూర్చోబెట్టిన రోజులవి. ఒకరి ఖతిలో రాసినది మరొకరి ఖతిలో పిచ్చిగీతలు. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. నాన్నగారి యంత్రంలోని విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి ఉచితంగానే వచ్చింది. ఆయన దాన్ని ముట్టలేదు. ఎక్కడో నేర్చుకున్న పాత డీటీపీ సాఫ్ట్‌వేరుకూ దాని కీబోర్డుకూ వేళ్లు అలవాటుపడ్డాయి, మార్చుకోలేదు. ఆ సాఫ్ట్‌వేరు నడవాలంటే కంప్యూటరు వెనుక ప్రింటరు పోర్టుకు అగ్గిపెట్టెంత తాళం ఒకటి తగిలించి ఉండాలి. తాళం లేకపోతే ఫైలు తెరవదు. ఇన్‌స్టాల్ చేసే సీడీ ఏనాడో పోయింది. ఇప్పటి ల్యాప్‌టాపులకు ఆ పోర్టే లేదు. యూఎస్‌బీ నుంచి ప్రింటరు పోర్టుకు మార్చే తీగ ఒకటి తెచ్చి చూశాను. ప్రింటరును గుర్తుపట్టింది గానీ తాళాన్ని గుర్తుపట్టలేదు. కనుక ఆ పుస్తకం చదవగలిగిన యంత్రం లోకంలో అదొక్కటే.

అది పదినిమిషాలు నడిచి బిగుసుకుపోయేది. లోపల దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్టు. బందరు ఉప్పుగాలికి క్యాబినెట్టు అడుగు తుప్పు పట్టి చిల్లులు పడింది. విజయవాడ నుంచి కొత్త క్యాబినెట్టూ, కొత్త ఎస్ఎంపీఎస్సూ తెచ్చాను. ఏటీఎక్స్ కొలతలు 1995లో ఏర్పడినవి. 2004 నాటి బోర్డు ఇప్పటి డబ్బాలో భేషుగ్గా కూర్చుంటుంది. ఈ ఒక్క విషయంలో ఆ పరిశ్రమవాళ్లకు దణ్ణం పెట్టాలి.

"ఊళ్లో రిపేరు చేసే ఆయన ఉన్నాడుగా, పిలవకూడదూ?" అంది అమ్మ.

"ఈ మాత్రం నాకు రాదా అమ్మా" అన్నాను.

ముందుగా హార్డ్‌డిస్కు నకలు తీసుకోవాలని తెలియక కాదు. పదినిమిషాల పనే కదా అనుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

తొలి దెబ్బ హీట్‌సింకు దగ్గరే. పేస్టు ఎండి బంకలా పట్టేసింది. యంత్రాన్ని కాసేపు నడిపి, వేడిమీద ఉండగానే మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలి. నేను చల్లగా ఉన్నదాన్ని నిలువునా లాగాను. సాకెట్టు మీట మూసే ఉన్నా, హీట్‌సింకుకు అంటుకుని ప్రాసెసరు కూడా ఊడి వచ్చింది, పన్నుతో పాటు చిగురు వచ్చినట్టు. దాని అడుగున 478 పిన్నులు, ఒక్కోటి గుండుసూది కంటే సన్నం. మూలన మూడు వంగిపోయాయి.

నాన్నగారి భూతద్దం పట్టుకుని, లెడ్డు తీసేసిన 0.5 పెన్సిలు మొనను ఒక్కో పిన్నుకూ తొడిగి, ఊపిరి బిగబట్టి నిలబెట్టాను. విరిగిందంటే అంతే సంగతులు. విరగలేదు. సాకెట్టులో పెడితే తన బరువుకే దిగింది. కొత్త పేస్టు, కొత్త డబ్బా, తీగలన్నీ తగిలించాను. మీట నొక్కాను.

ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోయింది.

మళ్లీ నొక్కితే అదీ లేదు. ప్లగ్గు తీసి, కాసేపాగి, పెట్టి నొక్కితే మళ్లీ అర చుట్టు. ఏమీ పలకని యంత్రం కంటే అర చుట్టు తిరిగి ఆగే యంత్రం ఎక్కువ బాధపెడుతుంది. ఏదో చెప్పబోయి మానుకున్నట్టు ఉంటుంది.

కూత కూడా లేదు. పాత యంత్రాలు మొదలవలేకపోతే కూతలతో చెబుతాయి. అవార్డు బయాస్‌లో ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వస్తే తెరకు బొమ్మ పంపే భాగంలో లోపమని అర్థం. బయాస్ తయారీదారును బట్టి ఈ భాష మారుతుంది. చివరికి చూస్తే కొత్త క్యాబినెట్టులో కూత పెట్టే బుల్లి స్పీకరే లేదు. మూగ డబ్బాను కొని తెచ్చి అది మాట్లాడలేదని బెంగపడ్డాను. పాత డబ్బాలోని స్పీకరు ఊడదీసి తగిలించాను. అయినా మౌనమే.

అనుమానమంతా ఆ మూడు పిన్నుల మీదే. తప్పు చేశానని తెలిసిన చోటే మనసు తిరుగుతుంది. ప్రాసెసరు రెండుసార్లు తీసి, చూసి, పెట్టాను. ర్యాము తీసి, బంగారు పూత ఉన్న అంచును రబ్బరుతో తుడిచి పెట్టాను. ముందు ప్యానెలు మీట చెడిందేమోనని బోర్డు మీది ఆ రెండు పిన్నులనూ స్క్రూడ్రైవరుతో తాకించాను. అదే అర చుట్టు. ఎస్ఎంపీఎస్ ప్లగ్గును బోర్డు నుంచి లాగి, ఆకుపచ్చ తీగనూ నల్ల తీగనూ పేపరు క్లిప్పుతో కలిపాను. దాని ఫ్యాను హాయిగా తిరిగింది. అంటే కరెంటు డబ్బా మంచిదే, బోర్డుకు తగిలిస్తేనే కట్టేసుకుంటోంది.

రాత్రి పదకొండైంది. అమ్మ పడుకోలేదు. "ఏరా, ప్రాణం ఉందా దానికి?" అంది. నేను పలకలేదు. ఆ రాత్రి మాత్రం, చెయ్యవలసినదానికి ఒక పూట ఆలస్యంగా, హార్డ్‌డిస్కును యూఎస్‌బీ అడాప్టరుతో ల్యాప్‌టాపుకు తగిలించి నకలు తీశాను. డిస్కు బాగానే ఉంది. నాన్నగారి ఫైళ్లన్నీ పేర్లతో కనబడ్డాయి. తెరిస్తే అంకెలూ, ఇంగ్లీషు గుణింతాలూ, డాలరు గుర్తులు. అందులో ఎక్కడో ఆ పిల్లల పేర్లున్నాయి.

పొద్దున్నే ఆ రిపేరు చేసే ఆయనకు ఫోను చేశాను. వస్తానన్నాడు గానీ, ముందు ఒకే ప్రశ్న అడిగాడు.

"పాత డబ్బాలో బోర్డుకు ఎన్ని స్క్రూలు విప్పారు సార్?"

"ఆరు."

"కొత్త డబ్బాలో బోర్డు కింద ఎన్ని ఇత్తడి గుబ్బలున్నాయి?"

లెక్కపెట్టలేదు. బోర్డు ఎత్తి చూశాను. తొమ్మిది. బోర్డును రేకుకు తగలకుండా ఎత్తిపట్టే గుబ్బలవి, పెద్ద బోర్డుకు సరిపడా కంపెనీవాళ్లే బిగించి పంపారు. నాన్నగారిది చిన్న బోర్డు, ఆరే రంధ్రాలు. మిగిలిన మూడింటిలో రెండు బోర్డు అంచు దాటి ఉన్నాయి, వాటితో పేచీ లేదు. మూడోది రంధ్రం లేని చోట బోర్డు వీపును పొడుస్తోంది. అక్కడి టంకపు చుక్కలను క్యాబినెట్టు రేకుతో కలిపేస్తోంది. షార్టయిన సంగతి పసిగట్టి ఎస్ఎంపీఎస్ తనంతట తానే ఆగిపోతోంది. నేను మొద్దుబారిందనుకున్న ఆ డబ్బాయే రాత్రంతా బోర్డును కాపాడుతూ కూర్చుంది.

"మరి పిన్నులో?" అన్నాను, ఇంకా నమ్మకం కుదరక.

"అవి మీరు సరిచేశారు కద సార్. చూడనిది చూడండి" అన్నాడు.

బోర్డును బయటికి తీసి అట్టముక్క మీద పెట్టి, ప్రాసెసరు, ఒక ర్యాము, కరెంటు మాత్రం తగిలించి, స్క్రూడ్రైవరుతో తాకించాను. ఫ్యాను తిరిగింది, తిరుగుతూనే ఉంది. ఒక పొట్టి కూత. ఎవరో పిలిచినట్టు అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. ఆ గుబ్బను శ్రావణంతో ఊడదీశాను. అది ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

తెరమీద నల్లటి పలకపై తెల్లటి అక్షరాలతో ఫిర్యాదు వచ్చింది. నాణెంలాంటి బ్యాటరీ అయిపోయింది, కనుక తేదీ పోయింది. యంత్రం లెక్కన ఆ రోజు 2003 జనవరి 1. నాన్నగారు దాన్ని ఇంకా కొననేలేదు. కొత్త సీఆర్2032 వేసి, తేదీ సరిచేసి, వెనుక తాళం తగిలించి, ఫైలు తెరిచాను. తెలుగు కనబడింది.

అందరూ అడుగుతారని చెబుతున్నాను, ఆ తరువాత ఏ సాహసమూ చెయ్యలేదు. ఎక్స్‌పీలోనే ఉన్న పోస్ట్‌స్క్రిప్టు డ్రైవరుతో ప్రతి అధ్యాయాన్నీ కాగితం మీదికి కాక ఫైలులోకి ప్రింటు కొట్టి, ల్యాప్‌టాపులో పీడీఎఫ్‌గా మార్చుకున్నాను. మొత్తం 143 పుటలు. అవి బొమ్మలతో సమానం, వెతకడానికీ దిద్దడానికీ రావు. అందుకని యూనికోడులో మళ్లీ కొడుతున్నాం. అమ్మ చదువుతుంది, నేను కొడతాను. బందరు వెళ్లినప్పుడే సాగే పని కనుక నెమ్మదిగా నడుస్తోంది. పిల్లల పేర్లున్న పుటలు వచ్చినప్పుడు అమ్మ గొంతు సవరించుకుని, పాఠశాలలో హాజరు పిలిచినట్టు ఒక్కో పేరు దగ్గరా ఆగింది. నేను కొట్టేశానని చెప్పాకే రెండో పేరుకు వెళ్లింది.

మొన్నటికి 61వ పుట అయింది. అక్కడ ఒక అబ్బాయి ఇంటిపేరు పక్కన నాన్నగారు ప్రశ్నార్థకం పెట్టుకున్నారు. అమ్మను అడిగాను. తనకూ తెలియదట. ప్రశ్నార్థకాన్ని అలాగే ఉంచి కొట్టాను.