ఉదయగిరి బస్సెక్కే పెద్దలకు

పెన్షను పుచ్చుకునే వయసులో ఊళ్ళు తిరగడం మంచిదే. ఆత్మకూరులో దిగి, సోమశిల ఆనకట్ట చూసి, మర్నాడు ఉదయగిరి బస్సెక్కే పెద్దలకు ఒక్క మాట. దారిలో ఒంటికి పోవాల్సి వస్తుందని చాలామంది నీళ్ళు తాగరు. రక్తపోటు మాత్ర కూడా మానేస్తారు. ఎండలో ఇది ప్రమాదం. మాత్ర వేళ మార్చుకోవచ్చేమో ముందే డాక్టరునడగండి. బస్సు ఆగినచోట దిగి నాలుగడుగులు వేయండి.

ఉదయగిరి దుర్గాన్ని 1514లో గజపతుల నుంచి గెలుచుకోవడానికి కృష్ణదేవరాయలకే ఏడాదికి పైగా పట్టింది. మీరు ఒక్క పూటలో ఎక్కాలని పంతం పట్టకండి! పొద్దెక్కకముందే, తోడుతో బయలుదేరండి. ఛాతీ బిగిసినట్లున్నా, నొప్పి చేతికో దవడకో పాకినా అక్కడే కూర్చుని 108కి ఫోను చేయించండి. మోకాళ్ళ నొప్పులవారు కింద ఊళ్ళోనే చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే పనివారిని చూడవచ్చు. దానికీ ఒక పూట పడుతుంది.