పాట ఇరుక్కున్న రాత్రి

నా ఎడమ కనుబొమ్మ మీద ఐదు కుట్ల గుర్తు ఉంది. 2022 మే నెలలో ఒక పెండ్లి మెరవణిలో తగిలిన దెబ్బ అది. కొట్టినవాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ రాత్రి ఏం జరిగిందో, ఆ తర్వాత ల్యాప్‌టాప్ వదిలి వేరే మెషీన్ కొనడానికి నాకు పది నెలలు ఎందుకు పట్టిందో చెప్పాలని రాస్తున్నాను. మా వైపు డీజే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చాలామంది అప్పు చేసి సామాను కొంటున్నారు. కొనేముందు నా సంగతి వాళ్లకు తెలియాలి.

మాది మంత్రాలయం. నాయన మైకుసెట్టు నడిపేవాడు. రెండు హారన్లు, ఒక అహూజా ఆంప్లిఫైయరు, ఒక క్యాసెట్ డెక్కు. పెండ్లిండ్లు, జాతరలు, ఎలక్షన్లు, అన్నిటికీ ఆ ఒక్క సెట్టే. 2009 అక్టోబరు 2న తుంగభద్ర ఊళ్లోకి వచ్చింది. మఠం మునిగింది, మా వీధీ మునిగింది. నీళ్లు పోయాక చూస్తే ఆంప్లిఫైయరు లోపల ఒండ్రు గడ్డకట్టి ఉంది. నాయన దాన్ని విప్పి, బ్రష్షుతో తుడిచి, రోజుల తరబడి ఎండబెట్టి, నెల తర్వాత మళ్లీ మోగించాడు. క్యాసెట్లు మాత్రం ఒక్కటీ దక్కలేదు. అదే ఏడాది పయనీర్ వాళ్లు సీడీజే-2000 అనే ప్లేయర్ తెచ్చారు. పెన్ డ్రైవ్ గుచ్చితే చాలు, పక్కన కంప్యూటర్ లేకుండానే పాట నడుస్తుంది. ఆ సంగతి మా దాకా రావడానికి పదేళ్లు పైనే పట్టింది.

పని నా చేతికి వచ్చేసరికి మా చుట్టుపక్కల అందరిదీ ల్యాప్‌టాపే. కారణం డబ్బు. పాతిక ముప్పై వేలు పెడితే చిన్న కంట్రోలర్ వస్తుంది, ల్యాప్‌టాప్ ఇంట్లో ఎటూ ఉంటుంది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. కంట్రోలర్ మీద రెండు చక్రాలు, ఫేడర్లు, బటన్లు ఉంటాయి. పాట మాత్రం దాంట్లో ఉండదు. పాట తెరవడం, రెండు పాటల వేగం కలపడం, ఎఫెక్టు వేయడం అన్నీ ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ చేస్తుంది. రెంటినీ కలిపేది ఒక యూఎస్‌బీ తీగ. స్టాండలోన్ అంటే ఆ కంప్యూటర్ పని కూడా మెషీన్ కడుపులోనే జరిగిపోతుంది. తెర దానిమీదే ఉంటుంది, పాటలు పెన్ డ్రైవ్‌లో ఉంటాయి. ధర మాత్రం నాలుగైదింతలు.

మఠం దరిదాపుల్లో మేం బాక్సులు మోగించం. మా పనంతా పల్లెల్లో. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, నందవరం. ఈ పల్లెల్లో వాన మీద నమ్మకం లేక సంక్రాంతి ముందో వెనకో ఇండ్లకు తాళాలు పడతాయి. జనం గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతారు. దాన్ని మేం సుగ్గికి పోవడం అంటాం. ఏప్రిల్‌లో తిరిగొచ్చాక ఆ డబ్బుతోనే పెండ్లిండ్లు. అందుకే మాకు పని ఎక్కువగా దొరికేది సరిగ్గా ఎండలు మండే నెలల్లోనే. సామాను ఎంచుకునేటప్పుడు నేను మొదట ఆలోచించవలసింది ఈ ఒక్క విషయమే. నేను ధర తప్ప ఇంకేమీ చూడలేదు.

దెబ్బ తగిలిన ఆ రోజుకు పెండ్లి కూతురి తండ్రి సుగ్గి నుంచి వచ్చి నెలే అయింది. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు నోట్లు రెండుసార్లు ఎంచి ఇచ్చాడు. పెండ్లి కొడుకు వాళ్లది ఏటికి అవతల, రాయచూరు వైపు. మెరవణి రాత్రి ఎనిమిదికి కదిలింది. బొలెరో ట్రక్కు మీద నాలుగు బేస్ బాక్సులు, నాలుగు టాప్‌లు, వెనక జనరేటర్. నా బల్ల జనరేటర్‌కు ఆనుకుని ఉంది. దాని వేడి గాలి నేరుగా ల్యాప్‌టాప్ అడుగుకు తగులుతోంది. పొద్దు పోయినా నేల సెగ తగ్గలేదు.

మొదట చిన్న చిటపట వినిపించింది. స్పీకర్ తీగ అనుకుని నా పక్కన పనిచేసే పిల్లవాడిని చూడమన్నాను. నిజానికి అది ల్యాప్‌టాప్ మనకు చెప్పే మొదటి మాట. మెషీన్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. పాట మాత్రం ఆగదు కదా. సెకనుకు 44,100 శబ్దపు ముక్కలు బయటికి పోవాలి. నేను బఫర్, అంటే ఒక్కో కట్టలోని ముక్కల లెక్క, 256 పెట్టుకున్నాను. అంటే సుమారు 6 మిల్లీసెకన్లకు ఒకసారి కొత్త ముక్కల కట్ట సిద్ధం కావాలి. ఒక్క కట్ట ఆలస్యమైతే చిటపట. వరసగా ఆలస్యమైతే పాట తెగిపోతుంది. బఫర్ పెంచితే తెగడం తగ్గుతుంది, కానీ చక్రం మీద చెయ్యి వేసిన తర్వాత కొంతసేపటికి గానీ పాట కదలదు. ఇవన్నీ ఆ రాత్రికి నాకు తెలియవు. దానికి తోడు నా పాటలన్నీ తిరిగే హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. అడుగు దూరంలో బేస్ బాక్సు అదురుతుంటే ఆ డిస్క్ చదవడానికి ఎంత అవస్థ పడి ఉంటుందో తర్వాత అర్థమైంది.

తొమ్మిది దాటాక పెండ్లి కొడుకు స్నేహితులు బండెక్కి ఒక కన్నడ పాట అడిగారు. నా దగ్గర లేదు. నలుగురు మీద పడి అడుగుతుంటే కాదనలేక ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, నడుస్తున్న పాట నడుస్తుండగానే, అదే ల్యాప్‌టాప్‌లో డౌన్‌లోడ్ మొదలుపెట్టాను. నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద తప్పు అది.

పాట ఇరుక్కుంది. ఆగిపోయి ఉంటే బాగుండేది. ఆగలేదు. ఒక చిన్న ముక్క పట్టుకుని డ డ డ డ అని, నాలుగు బేస్ బాక్సుల్లో, పూర్తి వాల్యూములో, ఆగకుండా కొట్టుకుంటూ పోయింది. ఇరుకు సందులో ఉన్నాం. రెండు పక్కలా రాతి గోడలు. తెర కదలదు, మౌస్ కదలదు. పవర్ బటన్ నొక్కి పట్టుకున్నాను. కంట్రోలర్ మీద మాస్టర్ తగ్గించాలని తోచలేదు. ఆంప్లిఫైయరు స్విచ్ బాక్సుల వెనకాల, చీకట్లో. చెయ్యి పెట్టి తడుముతున్నాను, దొరకడం లేదు. కింద పిల్లలు చెవులు మూసుకుని ఏడుస్తున్నారు. గుమ్మంలో నిలబడి చూస్తున్న ఒక ముసలమ్మ కళ్లు తిరిగి అక్కడే కూలబడింది.

నాకు గంట అనిపించింది. పిల్లవాడు అర నిమిషం అన్నాడు.

తర్వాత ఎవరు పైకెక్కారో, ఎవరు కాలర్ పట్టారో తెలియదు. కంట్రోలర్ కింద పడింది. ల్యాప్‌టాప్‌ను ఎవరో గోడకేసి కొట్టారు. నా ముఖానికి తగిలింది ఏ ఇనుప మూలో ఇప్పటికీ తెలియదు. కంట్లోకి రక్తం కారి చూపు పోయిందనుకున్నాను. పెండ్లి కూతురి తండ్రే నన్ను పక్కకు లాగి, తన తువ్వాలు నా తలకు చుట్టి, వాళ్లను ఆపాడు. "చాలు ఇడ్సండప్పా, పిల్లోడు సచ్చిపోతాడు" అన్నాడు. బండిలో పడుకోబెట్టాక నాతో మెల్లగా ఒక్క మాట అన్నాడు. "నాలుగు నెలలు నేను, నా పెండ్లాము, ఈ పిల్ల, ముగ్గురం మిరపకాయలు కోసిన దుడ్లు అబ్బీ ఇవి." తిట్టలేదు. ఆ మాట కుట్లు వేసినప్పటికన్నా ఎక్కువ నొప్పి పెట్టింది.

ఊళ్లోని డప్పులవాళ్లను లేపుకొచ్చి మెరవణి పూర్తి చేశారని తర్వాత విన్నాను. ముసలమ్మకు నీళ్లు చల్లితే తేరుకుందట. నన్ను ఆదోనికి తీసుకుపోయారు. మూడో రోజు నాయన ఆ ఇంటికి వెళ్లి అడ్వాన్సు మొత్తం తిరిగి ఇచ్చి వచ్చాడు.

రెండు నెలలు నేను పని ముట్టుకోలేదు. ఫోన్‌లో బీట్ వినిపించినా చెయ్యి వణికేది. ఒకరోజు నాయన వరదలో మునిగిన ఆ అహూజా ఆంప్లిఫైయరు తెచ్చి నా ముందు పెట్టాడు. "దీనికి ఒక్కటే పని తెలుసు. అందుకే బతికింది" అన్నాడు. నేను ఆలోచించడం మొదలుపెట్టింది అక్కడి నుంచే. నా ల్యాప్‌టాప్‌కు బిల్లులు రాయడం తెలుసు, సినిమా చూపించడం తెలుసు, అడగకుండా అప్‌డేట్ చేసుకోవడం తెలుసు. ఇన్ని పనుల మధ్య నా పాట ఒకటి.

అయినా వెంటనే స్టాండలోన్ కొనలేదు, ఎందుకంటే ల్యాప్‌టాప్‌ను సరిచేసుకునే దారీ ఉంది. తిరిగే డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ వేయడం, వైఫై ఆపేయడం, దాన్ని డీజే పనికి తప్ప దేనికీ వాడకపోవడం, అడుగున స్టాండ్ పెట్టడం. కర్నూలులో, బళ్లారిలో అలా పదేళ్లుగా ఏ గొడవా లేకుండా వాయిస్తున్న పెద్దవాళ్లు ఉన్నారు. వాళ్లను కలిశాను. ల్యాప్‌టాప్ చెడ్డదని నేను అనను. ఏసీ ఫంక్షన్ హాల్లో, కదలని బల్ల మీద అది బంగారం. పాట వెతకడం కీబోర్డు మీద ఎంత సులువో ఏ చిన్న తెర మీదా అంత సులువు కాదు. 2004లో సెరాటో స్క్రాచ్ లైవ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక పెద్ద క్లబ్బుల వాళ్లు కూడా రికార్డుల పెట్టెలు మోయడం మాని ఆ దారి పట్టారంటే ఊరికే కాదు. కానీ నా బల్ల కదిలే బండి మీద, జనరేటర్ పక్కన, మే నెలలో, దుమ్ములో ఉంటుంది. ఊడే తీగ ఒక్కటి తగ్గినా నాకు లాభమే.

అమ్మ గాజులు కుదువ పెట్టి 2023 మార్చిలో, ఉగాదికి ముందు, సెకండ్‌హ్యాండ్ పయనీర్ ఎక్స్‌డీజే-ఆర్ఎక్స్2 తెచ్చుకున్నాను. లక్ష దాటింది. 2017లో వచ్చిన మోడల్, ఏడంగుళాల టచ్ తెర, రెండు పెన్ డ్రైవ్‌లు పట్టే చోటు. తెచ్చిన మరునాడు మిద్దె మీద, నడి ఎండలో, కింద జనరేటర్ పెట్టి ఆరు గంటలు వాయించాను. ఒక్కసారి కూడా చిటపట రాలేదు. మిద్దె దిగి వచ్చి అమ్మ ముందు ఏడ్చాను.

కష్టాలు అక్కడితో తీరలేదు. ఆ మాట దాచితే అబద్ధమవుతుంది. ఎండలో తెర కనపడదు, గొడుగు కట్టుకోవాల్సిందే. జనరేటర్ ఆగితే ల్యాప్‌టాప్ తన బ్యాటరీ మీద బతికే ఉంటుంది. దీనికి బ్యాటరీ లేదు, చచ్చి మళ్లీ పుడుతుంది. రెండో ప్రోగ్రాములోనే డీజిల్ అయిపోయి ఇది అనుభవించాను. కరెంటు తిరిగి వచ్చాక మెషీన్ లేచేదాకా జనం ముందు నిలబడటం అంటే నాకు పాత రాత్రి మళ్లీ వచ్చినట్టే ఉంది. మరునాడే చిన్న యూపీఎస్ కొన్నాను. బ్యాటరీతో వచ్చే స్టాండలోన్లు కూడా ఉన్నాయి. డెనాన్ ప్రైమ్ గో 2020లో, ఆల్ఫాతీటా ఆమ్నిస్-డుయో 2024లో వచ్చాయి. మెరవణి పనికి అవి చూడదగ్గవి.

ఇంకోసారి 64 జీబీ పెన్ డ్రైవ్ గుచ్చితే మెషీన్ చదవనంది. ఇలాంటి మోడళ్లకు ఫ్యాట్32 ఫార్మాట్ కావాలి. విండోస్‌లోని మామూలు ఫార్మాట్ మెనూ అప్పట్లో 32 జీబీ దాటిన డ్రైవ్‌కు దాన్ని చూపించేది కాదు. తెలియక ఎన్‌టీఎఫ్ఎస్ చేసుకుని వెళ్లాను. అదృష్టం, పాత 16 జీబీది జేబులో ఉంది. అప్పటి నుంచి ఒకే పాటల కట్ట రెండు పెన్ డ్రైవ్‌లలో పెట్టుకుని, రెండూ మెషీన్‌కు గుచ్చి ఉంచుతాను.

ఇక కన్నడ పాట సంగతి. నా స్టాండలోన్‌లో అప్పటికప్పుడు వెతికి తెచ్చుకోవడం కుదరదు. ఉన్నదే ఉంటుంది. అందుకని ఇంట్లో ల్యాప్‌టాప్ మళ్లీ కావలసి వచ్చింది. రికార్డ్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో పాటలు వేసి, బీట్ లెక్క కట్టించి, పెన్ డ్రైవ్‌కు ఎక్కిస్తాను. వంట అక్కడ, వడ్డన ఇక్కడ. ప్రతి పెండ్లికీ వారం ముందు రెండు వైపుల వాళ్లకూ ఫోన్ చేసి పాటలు అడిగి రాసుకుంటాను. రాయచూరు వాళ్ల పెండ్లయితే కన్నడ పాటలకు వేరే ఫోల్డర్. అప్పటికీ కొత్త పాట ఎవరైనా అడిగితే ఫోన్‌ను ఆక్స్‌కు తగిలిస్తాను. ఫోన్ ఇరుక్కున్నా దాని శబ్దం మెషీన్ మీద తగ్గించేస్తే చాలు.

రాత్రి పదికి ఆపేస్తాను. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఎటూ అదే చెబుతున్నాయి. నేను ఆపేది మాత్రం గుమ్మంలో కూలబడిన ఆ ముసలమ్మను చూశాను కాబట్టి. ఎవరెంత బతిమాలినా, డబ్బు ఎక్కువిస్తామన్నా ఒప్పుకోను.

కొత్తగా వస్తున్న తమ్ముళ్లకు ఒక్కటే చెబుతాను. మెరవణి చేసేవాళ్లయితే స్టాండలోనే కొనండి. డబ్బు చాలకపోతే ఒక సీజను ఆగండి, అంతవరకు సామాను అద్దెకు తెచ్చుకోండి. అప్పటికీ ల్యాప్‌టాప్‌తోనే పోవలసి వస్తే, బండి కదిలేముందు జనరేటర్‌కు దూరంగా బల్ల వేసుకోండి, ఇంటర్నెట్ ఆపేయండి. ఆంప్లిఫైయరు స్విచ్ మీ చేతికి అందేచోట పెట్టించి, కళ్లు మూసుకుని ఒకసారి దాన్ని తాకి చూడండి.