అమ్మీ తహజ్జుద్

మా సారంగాపూర్‌లో అమ్మీకి ఒక పేరుండేది. "రాత్రంతా ఇబాదత్‌ల ఉంటది, నసీబున్న మనిషి" అనేవాళ్లు. రాత్రి రెండింటికి లేచినా మా ఇంట్లో లైటు వెలుగుతూనే ఉండేది. అమ్మీ జానమాజ్ మీద కూర్చొని ఉండేది. నేనూ ఫఖర్‌గా చెప్పుకున్నాను.

ఒకసారి జగిత్యాల నుంచి వచ్చి ఆమె పక్కన పడుకున్న. అప్పుడు తెలిసింది అసలు సంగతి.

"తహజ్జుద్ కోసం లేస్తలేను బేటా. నీందే నై ఆతీ. మేలుకొని ఏం చెయ్యాలె? నమాజ్ చదువుకుంటున్న."

రోజూ వందల బీడీలు చుట్టిన చేతులవి. ఇప్పుడు ఒళ్లో చాట పెట్టుకొని గోడను చూస్తూ ఉండిపోయేది. సాలన్‌లో ఉప్పు మరిచేది. పిల్లల మీద అరిచి, తర్వాత తనే ఏడ్చేది. ఎముకల నొప్పులంటే బీడీలకు కూర్చోవడం వల్లే అనుకున్నాం. ఒకరోజు "బతకాలని లేదు" అంది. "తౌబా తౌబా, అట్ల అనుడు గునా" అని ఖాలా నోరు మూయించింది. ఆ తర్వాత అమ్మీ ఏమీ చెప్పలేదు. అసర్ ఉందని తావీజ్ కట్టించాం. ఒక డాక్టరు ఏ పరీక్షా చెయ్యకుండా నిద్రమాత్రలు రాశాడు. కొన్నాళ్లు పనిచేశాయి, అంతే.

చివరికి కిడ్నీలో రాయి వచ్చి కరీంనగర్ తీసుకెళ్తే, రక్తపరీక్షలో కాల్షియం 11.8 వచ్చింది. మామూలుగా 10.5 దాటకూడదు. అక్కడి డాక్టరు మళ్లీ పరీక్ష చేయించి, దాంతో పాటు పీటీహెచ్ అనే హార్మోన్ కూడా చూశారు. అదీ ఎక్కువే.

ఆయన ఇట్లా సమ్‌జాయించారు. గొంతులో థైరాయిడ్ వెనక సాధారణంగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి, ఒక్కోటి బియ్యపు గింజంత. 1880లో స్వీడన్‌లో ఇవార్ శాండ్‌స్ట్రోమ్ వీటిని మనుషుల్లో వర్ణించాడు. రక్తంలో కాల్షియాన్ని సరిగ్గా ఉంచడం వీటి పని. కాల్షియం పెరిగితే ఇవి తగ్గి ఉండాలి. ఒకటి గడ్డలా పెరిగితే మాట వినదు, ఎముకల్లోంచి కాల్షియం లాగుతూనే ఉంటుంది. ఎముకలు బలహీనపడతాయి, కిడ్నీలో రాళ్లు వస్తాయి, మలబద్ధకం ఉంటుంది. మెదడు, నరాలు కూడా కాల్షియం లెక్క మీదే నడుస్తాయి. అందుకే నీరసం, మతిమరుపు, బేచైనీ, ఉదాసీ, నిద్ర పట్టకపోవడం. యాభై దాటిన ఆడవాళ్లలో ఇది ఎక్కువ. ఎక్కువసార్లు ఆ గడ్డ క్యాన్సర్ కాదు.

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి శనగగింజంత గడ్డ తీశారు. కాల్షియం ఒక్కసారిగా పడిపోయి పెదాలు తిమ్మిరెక్కాయి, కొన్నాళ్లు మాత్రలు వాడింది.

ఇంటికొచ్చిన కొద్ది వారాలకు ఒక పొద్దున ఫజర్ అజాన్ అయింది, అమ్మీ లేవలేదు. భయపడి దగ్గరికెళ్లి చూశాను. గురక పెడుతోంది. సూర్యుడు వచ్చాక లేచి, "నమాజ్ పోయింది కదా" అని పరేషాన్ అయింది. ఖజా చదువుకుంది. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

అందరికీ ఇట్లాగే నయమవుతుందని చెప్పలేను. కొందరికి మనసు బాధ, నిద్రలేమి ఆపరేషన్ తర్వాత కూడా ఉంటాయి, వాటికి విడిగా ఇలాజ్ కావాలి. డిప్రెషన్ మందులు వాడుతుంటే సొంతంగా ఆపొద్దు. కానీ ఎముకల నొప్పి, రాళ్లు, ఉదాసీ, నిద్రలేమి ఒక్క మనిషిలోనే కనబడితే, కాల్షియం పరీక్ష చెయ్యమని డాక్టర్ని అడగండి. పెద్ద ఖర్చు కాదు.

ఇంకొక్క మాట. ఇంట్లో ఎవరైనా బతకాలని లేదంటే "తౌబా" అని నోరు మూయించకండి. పక్కన కూర్చొని "ఏమైతుంది?" అని అడగండి, ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. దువా చేద్దాం, దవా కూడా చేయిద్దాం. మా అమ్మీ ఇబాదత్‌ను ఊరంతా చూసింది. నిద్ర పడుతుందా అని ఒక్కరం అడగలేదు, నాతో సహా.

అల్లాహ్ మన అమ్మీలందరికీ సుకూన్ నీంద్ ఇవ్వాలి. ఆమీన్.