నిరోధక మెంత వేడి నోర్చును?

విడపనకల్లు వేసవి యెట్టిదో చదువరులకు మేము చెప్ప నక్కరలేదు. నల్లరేగడి నేల నెఱ్ఱెలు వాఱి, వేపచెట్టు నీడయందును వడగాలి కొట్టుచుండును. అట్టి యొక దినమున మేము పదవ తరగతి పిల్లలకు విద్యుత్తును గూర్చి పాఠము చెప్పుచు, 12 వోల్టుల బ్యాటరీకి 100 ఓముల నిరోధకమును గలుపుమని యొక బాలునితో జెప్పితిమి. వాడట్లే చేసెను. కొలది సేపటిలో పొగ లేచెను. కమురు కంపు గది యంతయు నిండెను. దానిని లాగబోయిన బాలుని వ్రేలు కాలెను. మేమో, “తీగలు తప్పుగా గలిపితివి!” అని యందఱి యెదుటను వానిని గద్దించితిమి. వాడు మాఱు పలుకక తల వంచుకొనెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కాగితము దీసికొని లెక్క వేసితిమి. వోల్టులను వోల్టులచేతనే హెచ్చించి ఓములచే భాగించిన వాట్లు వచ్చును. 12ను 12చే హెచ్చింప 144. దానిని 100చే భాగింప 1.44 వాట్లు. మేమిచ్చినది పావు వాటు నిరోధకము! దాని శక్తికి ఇంచుమించు ఆఱింతల భారమును మోపితిమి. రంగు పట్టెలను జూచి ఓముల నెఱింగితిమి గాని, దాని దేహము నెంచమైతిమి. తప్పు మాది.

విద్యుత్తు ప్రవహించు తీగలో నెంత వేడి పుట్టునో 1841వ సంవత్సరమున జూలు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. పుట్టిన వేడి బయటికి బోవలెను. నిరోధకము వేడెక్కినకొలదిని ఎక్కువ వేడిని విడుచును. పుట్టునదియు పోవునదియు సరియైనచోట దాని వేడిమి నిలుచును. ఆ వేడిమిని లోని పదార్థము సహింపలేకపోయెనా, అది మాడును. వేడి సంగటిని పళ్లెమున బఱచిన వేగిరము చల్లాఱును. మూత వేసిన కుండలో నుంచిన చల్లాఱదు. ఇదియు నట్లే. గాలి తగులు పైభాగ మెక్కువయైనకొలదిని ఓర్పు హెచ్చును. కావుననే 100 ఓములే యైనను, పావు వాటుది బియ్యపు గింజకంటె గొంచెము పెద్దది. పింగాణి పెట్టెలో తీగ చుట్టిన 5 వాట్లది దానికంటె జాల పెద్దది.

చుట్టునున్న గాలియు ముఖ్యము. పెక్కు చిన్న నిరోధకములకు జెప్పిన వాట్లు 70 డిగ్రీల వఱకే చెల్లును. ఆపై తగ్గుచు, 155 డిగ్రీల ప్రాంతమున సున్న యగును. మూసిన డబ్బాలో, మన యెండలో, ఈ సంగతి మఱవరాదు. లెక్కకు వచ్చిన వాట్లకు రెండింతలకు దక్కువ గానిదానిని వాడుట మేలు.

మఱునాడు తరగతి యెదుట మా తప్పు నొప్పుకొని, 5 వాట్లదానిని వానిచేతనే కలిపించితిమి. పొగ రాలేదు. అప్పుడు వాడు, “అయ్యవారూ, దీనిని ముట్టిన వ్రేలు కాలదా?” అని యడిగెను. “కాలును నాయనా! పుట్టు వేడి యంతయే, ఇది యోర్చుకొనుచున్నది, అంతియే” అంటిమి. వాడు నవ్వెను. పిల్లలారా! భారమును మోపుటకు ముందు మోయువాని బలము నెంచుట గురువులకును వలసిన పాఠమే.